గేరు మీరే మార్చుకోండి, అప్పు మాత్రం చేయకండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. వయసు 37. విదేశీ జెండా ఉన్న సరుకు ఓడల్లో సెకండ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఏడాదిలో ఏడు నెలలు ఓడ మీద, ఐదు నెలలు ఇంటి దగ్గర. ఆ ఏడు నెలలకు కలిపి సుమారు 45 లక్షలు వస్తుంది. భార్య ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. పిల్లలు ఇద్దరు, అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. విదేశీ సంపాదనను ఇక్కడి బ్యాంకులో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు కోటీ పది లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 38 లక్షలు, 50 లక్షల టర్మ్ పాలసీ ఉన్నాయి. అప్పుల్లేవు. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారు కోరిక. బీఎండబ్ల్యూ ఎం2ను మాన్యువల్ గేర్లతో తీసుకోవాలని ఉంది. ఆన్‌రోడ్ కోటీ పాతిక లక్షల దాకా అవుతుందన్నారు. డిపాజిట్ల నుంచి 60 లక్షలు తీసి, మిగతా 65 లక్షలకు 9 శాతం వడ్డీతో అయిదేళ్ల లోను పెట్టాలనుకుంటున్నాను. మాన్యువల్‌కు ఆటోమేటిక్ కన్నా లక్ష దాకా ఎక్కువ. ‘అమ్మబోతే మాన్యువల్‌ను ఎవరూ కొనరు, అక్క కూడా నడపలేదు’ అంటాడు మా బావమరిది. ‘మాన్యువల్ కార్లు అంతరించిపోతున్నాయి, రేపు ధర పెరుగుతుంది, అదొక పెట్టుబడి’ అంటాడు ఓడలో నా మిత్రుడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. గేర్ల విషయంలో మీ మనసు చెప్పినట్టు చేయండి. అప్పు విషయంలో మాత్రం కాస్త నా మాట వినండి.

ముందు గేర్ల సంగతి. ఎం2 మాన్యువల్‌లో ఆరు గేర్లు, ఆటోమేటిక్‌లో ఎనిమిది. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడంలో ఆటోమేటిక్‌దే పైచేయి, అదీ సెకనులో అయిదో వంతు తేడాతో. అంటే ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వేగం కొంటున్నారు. లెక్కలు రాసుకునే నాలాంటివాడికి ఇది వింతగా తోచాలి. కానీ తోచడం లేదు. మా నాన్నగారి పాత ఫియట్‌లో గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. రెండో గేరు ఒక పట్టాన పడేది కాదు, పడిన రోజు ఇంట్లో అందరికీ చెప్పుకునేవాణ్ని. పైగా పెద్ద సరుకు ఓడల్లో చాలావాటి ప్రధాన ఇంజినుకు గేర్‌బాక్సే ఉండదు, ఇంజినే నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఏడు నెలలు అలాంటి యంత్రం పక్కన గడిపినవారికి ఇంటికి రాగానే చేత్తో గేరు మార్చాలనిపించడంలో వింతేముంది? వంద కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న మన జాతీయ రహదారి మీద ఆ అయిదో వంతు సెకను ఎలాగూ మీకు అక్కరకు రాదు. ఆనందం కోసం కొనే వస్తువులో ఆనందాన్నిచ్చే భాగానికి లక్ష ఎక్కువైందని నేను అనను.

ఇక మీ మిత్రుడి మాట. అందులో సగం నిజం ఉంది, ప్రమాదం ఆ సగంతోనే. 2013లో పోర్షే కంపెనీ తన 911 జీటీ3 కారును ఆటోమేటిక్‌గా మాత్రమే తెచ్చింది. అభిమానులు అలిగారు. 2016లో అదే కంపెనీ 911 ఆర్ అనే కారును మాన్యువల్‌లో మాత్రమే, అదీ 991 కార్లే తయారుచేసింది. పాత కార్ల బజారులో దాని ధర కొన్న ధరకు ఎన్నో రెట్లు పలికింది. 2017లో జీటీ3లోనే మళ్లీ మాన్యువల్ ఇస్తామని కంపెనీ అనగానే ఆ ధరలు దిగివచ్చాయి. ఇందులో మీరు గమనించాల్సింది ఆ 991 అంకె. మీ ఎం2కు అలాంటి పరిమితి ఏదీ లేదు, గిరాకీ ఉన్నంతకాలం మెక్సికోలోని కర్మాగారం నుంచి కార్లు వస్తూనే ఉంటాయి. మీరు కొనేది అరుదైన కారు కాదు, ఖరీదైన కారు.

సొంతానికి వాడుకునే కారును ఆదాయపు పన్ను చట్టం కూడా పెట్టుబడిగా చూడదు. లాభానికి అమ్మితే పన్ను లేదు, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఇంకే లాభంలోనూ సర్దుకోలేరు. బీమా లెక్క చూడండి. వయసు నాలుగేళ్లు దాటిన కారుకు, అయిదో ఏడు నిండేదాకా, ఐడీవీ, అంటే బీమా కంపెనీ లెక్కలో కారు విలువ, కట్టేటప్పుడు సగం తరుగు తీసేస్తారు. అమ్మకం ధర అంతకు కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, కానీ కొనేవాడు బేరం మొదలుపెట్టేది ఆ చుట్టుపక్కలే.

మీ బావమరిది మాటలో మొదటి సగాన్ని కొట్టిపారేయలేను. ఇంత ఖరీదైన కారు కొనగలిగేవారే తక్కువ, వారిలో రోజూ నగర ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కడానికి సిద్ధపడేవారు ఇంకా తక్కువ. మీ కారుకు గిరాకీ కవిటిలోనూ శ్రీకాకుళంలోనూ ఉండదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మాన్యువలే కావాలని పట్టుబట్టే ఒకరిద్దరిని వెతుక్కోవాలి. దొరికితే మంచి ధరే ఇస్తారు. దొరికేదాకా ఎదురుచూడగల ఓపిక అమ్మేవాడికి ఉండాలి. లోను మెడ మీద ఉన్నవాడికి ఆ ఓపిక ఉండదు.

రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోను. మీ శ్రీమతి పాత ఆల్టో మీద డ్రైవింగ్ నేర్చుకుని రోజూ బడికి నడుపుకుంటూ వెళ్తున్నారని మీ ఉత్తరం చివర మీరే రాశారు. ఆల్టో క్లచ్ తొక్కే కాలికి ఎం2 క్లచ్ బరువనిపిస్తుందేమో గానీ అసాధ్యమేమీ కాదు. అసలు ఆవిడ ఆ కారును నడపక తప్పదు కూడా. ఉప్పుగాలి వీచే ఊళ్లో మాన్యువల్ కారును నెలల తరబడి కదపకుండా ఉంచితే క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోయే అవకాశం ఉంది. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒక పక్కన నొక్కుకుపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పది రోజులకొకసారి ఎవరో ఒకరు దాన్ని సోంపేట దాకానైనా తిప్పి తేవాలి. ఆ టైర్లు ముందువి 19 అంగుళాలు, వెనుకవి 20 అంగుళాలు. ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు. టైర్ల పక్కగోడల ఎత్తు తక్కువ కాబట్టి అవి దెబ్బతినడానికి హైవే దిగి ఊళ్లోకి వచ్చే దారిలో ఒక్క గుంత చాలు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 65 లక్షలకు 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు ఈఎంఐ సుమారు లక్షా 35 వేలు. మొత్తం వడ్డీ 16 లక్షలు. కోటీ పాతిక లక్షల కారును అయిదేళ్ల తర్వాత 60 లక్షలకు అమ్మగలిగారనుకుందాం, అందులో పోయేది 65 లక్షలు. బీమా, సర్వీసు, టైర్లు కలిపి ఏడాదికి నాలుగు లక్షలని నా అంచనా, అంటే 20 లక్షలు. అన్నీ కలిపితే కోటి. మరి ఆ అయిదేళ్లలో మీరు ఊళ్లో ఉండేది 25 నెలలే. అంటే కారు మీ చేతిలో ఉన్న ప్రతి నెలకూ నాలుగు లక్షలు. మీ బావమరిదితో మీరు వాదిస్తున్న ఆ లక్ష ఒక వారం వాడకం ఖర్చు. గేర్ల దగ్గర ఆగిపోయి ఇంట్లో ఎవరూ ఈ పెద్ద అంకె దాకా రాలేదు.

జీతం రాని అయిదు నెలలూ ఈఎంఐ ఆగదు. ఏటా దాదాపు 6 లక్షల 75 వేలు ముందే విడిగా తీసి పెట్టుకోవాలి. కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య విరామం పొడుగైతే ఇంకా ఎక్కువ. మీ వృత్తిలో వైద్య పరీక్షలో ఒక్క అంకె తేడా వచ్చినా ఓడ ఎక్కనివ్వరని నాకన్నా మీకే బాగా తెలుసు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానంలో ఉంటూ తల్లిదండ్రుల ఆరోగ్యానికి డబ్బు పక్కన పెట్టుకోవాలని నేను ప్రత్యేకంగా చెప్పాలా? 60 లక్షలు పోగా మిగిలే 50 లక్షల డిపాజిట్లే పిల్లల చదువుకూ, అమ్మానాన్నల వైద్యానికీ, ఈ విరామాలకూ ఆధారం. ఒక్క నిధి మూడు బరువులు మోయాలి.

మీరు ఊహించని ఖర్చు ఇంకొకటి ఉంది. కొత్త కారు వదిలి వెళ్లాలంటే కాళ్లు రావు. ఇంకొక నెల ఉండిపోదామనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కించే ఆర్థిక సంవత్సరంలో మీరు భారతదేశంలో 182 రోజులు ఉన్నారంటే పన్ను లెక్కలో రెసిడెంట్, అంటే ఇక్కడి నివాసి, అయిపోతారు. అప్పుడు ఓడ జీతం 45 లక్షల మీదా ఇక్కడ పన్ను కట్టాల్సి రావచ్చు. కొత్త పన్ను విధానంలో అది తొమ్మిది లక్షలు దాటుతుంది. ఇప్పటిదాకా అయిదు నెలల సెలవుతో మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. రెండు సెలవులు ఒకే ఆర్థిక సంవత్సరంలో పడిన ఏడాది మాత్రం పాస్‌పోర్టులో ముద్రలు లెక్కపెట్టుకుని కదలండి.

కాబట్టి నా సలహా: ఈ కారు ఇప్పుడు వద్దు. మాన్యువల్ కారు మాత్రం ఇప్పుడే కొనుక్కోండి. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో ఒకటిన్నర లీటరు టర్బో పెట్రోలు ఇంజినుకు 150 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్ ఉంది. హ్యుందాయ్ వెర్నా టర్బో 160 హార్స్‌పవర్, దానిలోనూ ఆరు గేర్ల మాన్యువల్ దొరుకుతుంది. రెండూ ఆన్‌రోడ్ ఇరవై లక్షల చుట్టుపక్కల ఉంటాయి, లోను అక్కర్లేదు. వీటిని స్పోర్ట్స్ కార్లంటే మీరు నవ్వుతారు, నవ్వండి. కానీ ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా తెల్లవారుజామున ఖాళీ హైవే మీద మూడో గేరు నుంచి నాలుగో గేరుకు మారినప్పుడు చేతికి అందే ఆనందంలో ఎక్కువ భాగం వీటిలోనూ ఉంది. ఎం2కు లేని వెనుక తలుపులూ పిల్లల కోసం వీటికి ఉంటాయి. మీ శ్రీమతి ఆల్టోను పక్కన పెట్టి దీన్నే బడికి తీసుకెళ్లవచ్చు. అప్పుడు కారు ఏడు నెలలు షెడ్డులో పడి ఉండదు.

చీఫ్ ఇంజినీరయ్యాక, లోను లేకుండా, కారు ధర మీ మొత్తం పొదుపులో నాలుగో వంతు మించని రోజున ఎం2 దగ్గరకు మళ్లీ రండి. ‘అప్పటికి కొత్త మాన్యువల్ దొరకకపోతే?’ అని మీరు అడుగుతారు. దొరకకపోవచ్చు. అది నిజమైన నష్టమే, లేదని అబద్ధం చెప్పను. కానీ ఇవాళ కోటీ పాతిక లక్షలు పెట్టి కొన్నవారు అప్పటికి అమ్ముకోవడానికి చూస్తుంటారు. మీ బావమరిది చెప్పిన ఆ ‘ఎవరూ కొనరు’ అనే బజారులో అప్పుడు కొనేవారు మీరే, బేరం మీ చేతిలో ఉంటుంది. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారైతే అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), మన రాష్ట్రంలో మళ్లీ కట్టాల్సిన జీవితకాల పన్ను కూడా కలిపి లెక్క వేసుకోండి.

కారుతో సంబంధం లేకుండా వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ఏడాదికి 45 లక్షలు తెచ్చే మనిషికి 50 లక్షల టర్మ్ పాలసీ ఏ మూలకు? కనీసం ఇంకో రెండు కోట్లకు తీసుకోండి. ఓడ ఉద్యోగమని దరఖాస్తులో దాచకుండా రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి ఆ మేరకు కలిసి వస్తుంది.

పది లక్షలు దాటిన ఏ కారు కొన్నా షోరూంవాళ్లు ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. ఇరవై లక్షల కారుకు ఇరవై వేలు. మీకు ఇక్కడ పెద్దగా పన్ను పడదు కాబట్టి రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది. చాలామంది ఓడ ఉద్యోగులు పన్ను లేదు కదా అని రిటర్నే వేయరు, ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

మీ డిపాజిట్ల గడువు తేదీలు ఉత్తరంలో రాయలేదు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ను ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ అసలే ఇవ్వరు. అందుకని కారు బుక్ చేసేముందు వాటిలో దేనికి ముందుగా గడువు తీరుతుందో చూసి, డెలివరీ తేదీని దాని తర్వాతకు పెట్టించుకోండి.