జీలకర్ర-బెల్లం షాట్ ఎక్కడుంది?

యూసుఫ్‌గూడ, హైదరాబాద్

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఎడిట్ చేస్తున్న పెళ్లి వీడియో గురించి చెబుతూ, మూడు కెమెరాలు, ఒక డ్రోన్, రెండు రోజుల పెళ్లి, మూడున్నర గంటల టైమ్‌లైన్ (షాట్లను వరుసగా పేర్చే పట్టీ), అందులో రెండు వేల పైచిలుకు ముక్కలు అని రాశావు. పెళ్లివారు ఫోన్ చేసి "మా మేనత్త అక్షింతలు వేసిన షాట్ పెట్టారా లేదా?" అని అడిగితే, ప్లేహెడ్ (టైమ్‌లైన్‌లో ఎక్కడున్నామో చూపే గీత) అటూ ఇటూ లాగుతూ నలభై నిమిషాలు కూర్చున్నానన్నావు. తప్పు నీ కళ్లది కాదమ్మా. అంత టైమ్‌లైన్‌ను చూసుకుంటూ వెతికితే ఎవరికైనా అంతసేపు పడుతుంది. వెతకబోయే ముందు చేతిలో ఏ ఆనవాలు ఉందో చూసుకోవాలి. క్లిప్ పేరు తెలుసా, అది జరిగిన వేళ తెలుసా, లేక బొమ్మ మాత్రమే గుర్తుందా? దాన్నిబట్టి దారి మారుతుంది.

పేరు తెలిస్తే సులువు. నువ్వు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో కాబట్టి ముందు షిఫ్ట్ 3 నొక్కు, టైమ్‌లైన్ ప్యానెల్ చుట్టూ నీలి గీత వస్తుంది. అప్పుడు కంట్రోల్ ఎఫ్. ఆ గీత ప్రాజెక్ట్ ప్యానెల్ మీద ఉండగా నొక్కితే వెతుకులాట బిన్‌లలో (క్లిప్‌లు సర్దుకునే ఫోల్డర్లలో) జరుగుతుంది, టైమ్‌లైన్‌లో కాదు. "దొరకడం లేదు" అనేవాళ్లలో చాలామంది పొరపాటు ఇదే. ఫైండ్ నొక్కితే ఒక్కో క్లిప్ దగ్గరికి వెళ్తుంది, ఫైండ్ ఆల్ నొక్కితే సరిపోయినవన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. వెంటనే రైట్ క్లిక్ చేసి వాటికి ఒక లేబుల్ రంగు వేసెయ్. బ్యాక్‌స్లాష్ నొక్కితే టైమ్‌లైన్ మొత్తం తెర మీదికి వస్తుంది, ఆ రంగు ముక్కలు ఎక్కడెక్కడున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. రంగు వేశాక కంట్రోల్ షిఫ్ట్ ఏ కొట్టి సెలెక్షన్ తీసెయ్యడం మరవకు. అన్నీ సెలెక్ట్ అయి ఉండగా పొరపాటున డిలీట్ తగిలితే అరవై షాట్లు ఒక్కసారే పోతాయి, తెరను దగ్గరికి లాగి పని చేస్తుంటే ఆ ఖాళీలు కంటికి కూడా కనపడవు.

అసలు చిక్కు పేర్లతోనే. సోనీ కెమెరాలు మామూలుగా సి0001 నుంచి పేర్లు పెడతాయి. రెండు సోనీలు, నాలుగు కార్డులు ఉంటే సి0012 అనే పేరుతో నాలుగు వేర్వేరు క్లిప్‌లు ఉండొచ్చు. గోప్రో సంగతి ఇంకోరకం. పొడవైన రికార్డింగ్‌ను ముక్కలు చేసి, ముక్క సంఖ్యను పేరులో ముందు, క్లిప్ సంఖ్యను వెనక పెడుతుంది. జీఎక్స్010045 తర్వాతి ముక్క జీఎక్స్020045. పేరువారీగా సర్దితే ఈ రెండూ ఒకచోట ఉండవు, కాబట్టి గోప్రో వాటిని చివరి నాలుగు అంకెలతో వెతుకు. ఇవన్నీ తప్పాలంటే కార్డు కాపీ చేసేటప్పుడే "ఏ కెమెరా కార్డు 1", "బి కెమెరా కార్డు 1" అని విడి ఫోల్డర్లు పెట్టు. ప్రాజెక్ట్ ప్యానెల్ లిస్ట్ వ్యూలో ఫైల్ పాత్ కాలమ్ తెరిచి ఉంచితే ఏ సి0012 ఎవరిదో కనపడుతుంది. డిస్క్‌లో ఉన్న ఫైళ్ల పేర్లు మాత్రం ఇంపోర్ట్ చేశాక మార్చకు, అవి ఆఫ్‌లైన్ అయిపోతాయి, అంటే ప్రీమియర్‌కు ఆ ఫైళ్లు దొరకవు. పేరు మార్చాలంటే బిన్‌లోనే మార్చు.

అక్కడా ఒక మెలిక ఉంది. బిన్‌లో పేరు మార్చినా, అప్పటికే టైమ్‌లైన్‌లో పడిన ముక్కలకు పాత పేరే ఉంటుంది. ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్లి, ప్రాజెక్ట్ ఐటమ్ పేరు, లేబుల్ రంగు అన్ని చోట్లా చూపించమనే గడిలో టిక్ పెట్టు. అప్పుడు బిన్‌లో పెట్టిన పేరే టైమ్‌లైన్‌లోనూ కనిపిస్తుంది.

పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాం కదా, స్పెల్లింగ్ మన కొంప ముంచుతుంది. తలంబ్రాలను ఒకరు టీతో మొదలుపెడతారు, ఇంకొకరు టీ హెచ్‌తో. నిఖా పనులు వస్తే ఒకరు ఒక కే వేస్తారు, మరొకరు రెండు. ఒక అక్షరం తేడా వచ్చినా ఫైండ్‌కు ఆ క్లిప్ దొరకదు. మొత్తం పదం కొట్టకుండా, ఎవరు రాసినా మారని నడిమి నాలుగు అక్షరాలు కొట్టి చూడు. ముందుముందు పెళ్లిళ్లకైతే ఘట్టాలకు నంబర్లు పెట్టుకో: స్నాతకం 03, ఎదురుకోళ్లు 05, జీలకర్ర-బెల్లం 07, మాంగల్యధారణ 08, తలంబ్రాలు 09, అప్పగింతలు 12, బరాత్ 13. ఒట్టి 07 అని పెడితే సి0007 కూడా దొరుకుతుంది, అందుకని ముందు క్యూ అక్షరం తగిలించు. క్యూ07 అంటే ఇంకేదీ అడ్డు రాదు.

పేరు పెట్టని క్లిప్‌లకు వేళే ఆధారం. ఇందులో పెళ్లి వీడియో చేసేవాళ్లకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు, ఎందుకంటే శుభలేఖలో ముహూర్తం నిమిషాలతో సహా అచ్చయి ఉంటుంది. మిగతా తంతు ముందువెనకలైనా, జీలకర్ర-బెల్లం మాత్రం పురోహితుడు గడియారం చూసే పెట్టిస్తాడు. ముహూర్తం 10:42 అనుకో. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి డేట్ మాడిఫైడ్ చూడు. అది దాదాపుగా రికార్డింగ్ ఆగిన వేళ. డేట్ క్రియేటెడ్‌ను నమ్మకు, కాపీ చేస్తే అది కాపీ చేసిన వేళగా మారిపోతుంది. ఫైల్ 10:52కి ఆగింది, నిడివి 14 నిమిషాలు, అంటే 10:38కి మొదలైంది. నీకు కావలసిన క్షణం ఆ క్లిప్‌లో నాలుగో నిమిషం దగ్గర ఉంటుంది. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కూ ఉండే గంట, నిమిషం, సెకను అంకెలు) చూసి వేళ చెప్పొచ్చు కదా అనిపిస్తుంది గానీ, చాలా కెమెరాలు రికార్డ్ చేసినప్పుడే కదిలే టైమ్‌కోడ్ మీద ఉంటాయి. ఫ్రీ రన్‌లో, అంటే రికార్డింగ్ ఆపినా కదిలేలా, గడియారానికి సరిపెట్టి తీస్తేనే అది పనికొస్తుంది.

కెమెరాల గడియారాలు ఒకదానికొకటి పొంతన లేకపోతే, అన్నింటిలోనూ కనిపించే ఒక క్షణం పట్టుకో. అడ్డుతెర దించిన క్షణం అందుకు బాగా పనికొస్తుంది. "ఏ" కెమెరాలో అది 10:43, బి కెమెరాలో 10:50 అయితే, బి ఏడు నిమిషాలు ముందుంది. ఆ తేడా ఒక కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించు. మాంగల్యధారణకైతే వేళ కూడా అక్కర్లేదు. ఆడియో ట్రాక్ ఎత్తు పెంచి చూస్తే, గట్టిమేళం మోగినచోట వేవ్‌ఫార్మ్ (శబ్దాన్ని చూపే గీతల బొమ్మ) సందు లేకుండా దిట్టంగా నిండి ఉంటుంది.

క్లిప్ బిన్‌లో దొరికింది, టైమ్‌లైన్‌లో వాడావో లేదో తెలియదు. దాన్ని సోర్స్ మానిటర్‌లో (అసలు క్లిప్ చూసే కిటికీలో) తెరిచి, ఆ ఫ్రేమ్ మీద ఆపి షిఫ్ట్ ఆర్ నొక్కు. ఆ ఫ్రేమ్ సీక్వెన్స్‌లో, అంటే టైమ్‌లైన్‌లో పేర్చిన వీడియోలో, ఉంటే ప్లేహెడ్ నేరుగా అక్కడికి వెళ్తుంది. కదల్లేదంటే వాడలేదని అప్పుడే తేల్చెయ్యకు, కత్తిరించేసిన భాగం మీద ఆపి ఉంటావు. అందుకని వీడియో యూసేజ్ కాలమ్ కూడా చూడు, ఎన్నిసార్లు వాడావో అక్కడ అంకె ఉంటుంది. తిరుగు దారికి, అంటే టైమ్‌లైన్ నుంచి అసలు క్లిప్‌కు, ఎఫ్ ఒక్కటి చాలు. అయితే అది టార్గెట్ అయిన (ఎడమవైపు గడి నొక్కి ఎంచిన) ట్రాకుల్లో పైదాన్ని పట్టుకుంటుంది. పైన పేర్ల టైటిల్ ఉంటే ఆ టైటిలే తెరుచుకుంటుంది. కావలసిన ట్రాక్ ఒక్కటే టార్గెట్‌లో ఉంచి నొక్కు.

మార్కర్లు (టైమ్‌లైన్ మీద పెట్టుకునే గుర్తులు) వాడుతున్నావని రాశావు, సంతోషం. క్లిప్ ఏదీ సెలెక్ట్ చేయకుండా ఎమ్ నొక్కితే మార్కర్ సీక్వెన్స్ మీద పడుతుంది. ముందు భాగంలో పది సెకన్లు తీసేస్తే షాట్లు జరుగుతాయి, మార్కర్ ఉన్నచోటే ఉండిపోతుంది. మార్కర్స్ మెనూలో రిపిల్ సీక్వెన్స్ మార్కర్స్ ఆన్ చేస్తే అవీ జరుగుతాయి. బంధువుల షాట్లకైతే క్లిప్‌ను సెలెక్ట్ చేసి దాని మీదే మార్కర్ పెట్టడం మేలు. ఎమ్ రెండుసార్లు నొక్కి "మేనత్త", "చిన్నతాత" అని రాసెయ్.

ఇక నీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది నెస్ట్ (కొన్ని ముక్కలను కలిపి ఒకే ముక్కగా చేసినది), మల్టీక్యామ్ (అన్ని కెమెరాల కోణాలనూ ఒకే ముక్కలో జోడించినది). పైనున్న సీక్వెన్స్‌లో ఫైండ్ చేస్తే నెస్ట్ లోపలున్న క్లిప్‌ల పేర్లు దొరకవు, దాని కంటికి అదంతా ఒకే ముక్క. నెస్ట్ అయితే డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లి మళ్లీ వెతుకు. మల్టీక్యామ్ అయితే సీక్వెన్స్‌కు ఒక నకలు తీసుకుని, ఆ నకల్లో అన్నీ సెలెక్ట్ చేసి మల్టీ-కెమెరా కింద ఫ్లాటెన్ కొట్టు. అసలు క్లిప్‌లు బయటికి వస్తాయి. అక్కడ వెతికి, దొరికిన టైమ్‌కోడ్‌ను అసలు సీక్వెన్స్ టైమ్‌కోడ్ గడిలో కొట్టి ఎంటర్ నొక్కు. అసలుదాన్ని మాత్రం ఫ్లాటెన్ చేయకు, కోణాలు మార్చుకునే వీలు పోతుంది.

మీ షాపులో డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారతామంటున్నారట. అందులో ఎడిట్ పేజీలో ఎడిట్ ఇండెక్స్ తెరిస్తే టైమ్‌లైన్‌లోని ప్రతి ముక్కా వరుసగా పట్టీలా వస్తుంది, వరుస మీద నొక్కితే ప్లేహెడ్ అక్కడికి వెళ్తుంది. జీ నొక్కితే పడే ఫ్లాగ్ అసలు ఫైల్‌కు అంటుకుంటుంది, కాబట్టి ఆ ఫైల్ నుంచి తీసిన ముక్కలన్నింటి మీదా కనపడుతుంది. మార్కర్ ఆ ఒక్క ముక్కకే.

ఇప్పుడు చేతిలో ఉన్న పెళ్లికి అన్నింటికీ పేర్లు పెట్టే తీరిక ఉండదు. ముందు గడియారాల తేడా లెక్కగట్టు, తర్వాత ప్రతి ఘట్టం మొదట్లో ఒక్కో మార్కర్ వెయ్. అరగంట పని. మేనత్తగారి షాట్ అక్షింతల వేళది, తాళి కట్టిన తర్వాతిది కాబట్టి గట్టిమేళం వేవ్‌ఫార్మ్ అయిపోయిన చోటు నుంచి బి కెమెరా ట్రాక్ చూడు. అక్కడ లేకపోతే బిన్‌లో ఆ పది నిమిషాల ఫైళ్లలో ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న