రబ్బరు వండబోయే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య దీవెనలు.

సింథటిక్ రబ్బరు కర్మాగారంలో షిఫ్టు ఇంజనీరుగా చేరుతున్నావన్న కబురు విని మీ అత్తయ్య పాయసం చేసింది. నేను అటక మీది పాత నోటుపుస్తకాలు దించాను.

బ్యూటడయీన్, స్టైరీన్ అణువులు చేయీ చేయీ కలిపి గొలుసవుతాయని కాలేజీలో చదువుకున్నావు. ఆ గొలుసును మొదలుపెట్టడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. ఆపడానికే కావాలి.

సరుకులో దాదాపు మూడు వంతులు బ్యూటడయీన్, ఒక వంతు స్టైరీన్. ఆ రెండూ కలిపిన బరువుకు ఇంచుమించు రెట్టింపు సబ్బునీళ్లు. రియాక్టర్‌లో అంతా పాలలా కనిపిస్తుంది. గొలుసులు పెరిగేది సబ్బు కణాల పొట్టలో. పుట్టిన వేడిని మోసుకుపోయేది నీళ్లు. పూర్వం 50 డిగ్రీల దగ్గర పర్సల్ఫేటుతో గొలుసు రగిలించి నడిపేవారు. టైర్ల రబ్బరును ఇప్పుడు ఎక్కువగా 5 డిగ్రీల దగ్గర పెరాక్సైడు, ఇనుప లవణం జోడీతో చేస్తారు. చల్లదనంలో గొలుసుకు కొమ్మలు తక్కువ వస్తాయి, టైరు ఎక్కువ కాలం అరగకుండా ఉంటుంది. అందుకే షిఫ్టు అందుకోగానే ముందు శీతలీకరణ యంత్రాల సంగతి అడుగు.

మోనోమర్‌లో, అంటే ఇంకా గొలుసు కాని విడి అణువుల్లో, 60 శాతం దాకా గొలుసుగా మారగానే షార్ట్‌స్టాప్, అంటే చర్యను ఆపే మందు, కొట్టాలి. మిగిలిన 40 శాతం వృథా అవుతుందేమోనని ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో నాకూ ప్రాణం కొట్టుకునేది. ఒక రాత్రి ల్యాబు నుంచి ఎంత మారిందో చెప్పే ఘనపదార్థం శాతం రావడం ఆలస్యమైంది. ఇంకాస్త దిగుబడి వస్తే మంచిదేగా అని ఊరుకున్నాను. గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని జెల్ కట్టాయి. ఆ రబ్బరు మిల్లు రోలర్ల మీద ఎంతకీ లొంగలేదు, సరుకంతా పక్కన పడేశారు. మిగిలిన మోనోమర్ ఎలాగూ వెనక్కి వస్తుంది: బ్యూటడయీన్ ఆవిరై ముందే లేచిపోతుంది, స్టైరీన్‌ను నీటి ఆవిరితో లాగుతారు. జెల్‌ను మాత్రం ఎవరూ విప్పలేరు.

గాలి విషయంలో మరీ జాగ్రత్త. 1933లో ఇంగ్లండ్‌లోని వినింగ్టన్‌లో గిబ్సన్, ఫాసెట్ ఇథిలీన్‌ను విపరీతమైన ఒత్తిడిలో వేడి చేస్తే మైనంలాంటి తెల్లటి పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. అక్కడ గొలుసును రగిలించింది రవంత ఆక్సిజన్ అని తరువాత తేలింది. మన రియాక్టర్‌లో అదే ఆక్సిజన్ చేరితే చర్య మొదలే కాదు, మొండికేసి కూర్చుంటుంది. బ్యూటడయీన్ గొట్టాల్లోనైతే పేలిపోయే పెరాక్సైడ్లు పుడతాయి. కదలిక లేని మూలల్లో పేలాల్లాంటి పాలిమర్ పెరిగి ఉక్కు గొట్టాన్నే చీలుస్తుంది. మొదటి నెల కంప్యూటర్ ముందు తక్కువ కూర్చుని ఆ మూలలన్నీ కాలినడకన చూసిరా.

చివర ఉప్పునీళ్లు, యాసిడ్ కలిపితే, పాలలో నిమ్మరసం పిండినట్టు లేటెక్స్, అంటే రియాక్టర్‌లోని ఆ పాలలాంటి ద్రవం, విరిగి ముక్కలు తేలుతాయి. రబ్బరు పాడవకుండా కాపాడే మందు విరగకముందే కలవాలి, ఆ ట్యాంకు నిండుగా ఉందో లేదో నీ కళ్లతో చూసుకో.

ఇంకొకటి. స్టైరీన్ వాసన బట్టలకు పట్టేస్తుంది, మా ఇంటికి వచ్చేటప్పుడు చొక్కా మార్చుకుని రా. ముప్పై ఏళ్లు నాతో కాపురం చేసినా మీ అత్తయ్యకు ఆ వాసన అలవాటు కాలేదు.

మీ మామయ్య