మందు ఎక్కువైన తూటా పేలాక తుపాకీని ‘పరీక్షించడం’ ఎవరి పని?

ప్రశ్న: నాన్నగారి తర్వాత నా పేరు మీదికి లైసెన్సు మారిన 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. బంధువొకరు వాడేసిన తూటా గొట్టాల్లో చేత్తో మందు, గుళ్లు నింపి పది తూటాలు ఇచ్చారు. పాతకాలపు నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కొలిచే గిన్నెతోనే, దానికంటే చాలా బలమైన పొగరాని మందు పోశారని తర్వాత తెలిసింది. ఒకటి కుడి బ్యారెల్‌లో పేల్చితే భుజం అదిరిపోయింది. ఖాళీ తూటా ఇరుక్కుపోతే బలవంతంగా లాగాల్సి వచ్చింది. తుపాకీ పైకి బాగానే ఉంది. చెట్టుకు కట్టి, ట్రిగ్గర్‌కు తాడు వేసి, దూరం నుంచి రెండు కంపెనీ తూటాలు పేల్చి చూస్తే సరిపోతుందా? ఎక్కడైనా ఉబ్బి ఉంటే అంతవరకు లేత్ మీద కోయించవచ్చా? గన్ షాపులో నిజం చెబితే నా మీద కేసవుతుందా?

జవాబు: ముందు తాడు సంగతి. ఆ పని చేయకండి. మందు మితిమీరినప్పుడు ఒత్తిడంతా తూటా కూర్చునే చాంబర్ మీద, దాని ముందున్న రెండు మూడు అంగుళాల మీద పడుతుంది. అక్కడ వెంట్రుకవాసి పగులు పడితే కంటికి ఆనదు. తర్వాత పేలే ప్రతి మామూలు తూటా దాన్ని కొంచెం కొంచెం పెంచుతుంది. చెట్టుకు కట్టి పేల్చిన రెండూ సజావుగా పోయి, మూడోది మీ చెంప పక్కన బ్యారెల్‌ను చీల్చవచ్చు. 70 మిల్లీమీటర్ల చాంబరున్న 12 బోర్‌కు యూరప్ ప్రమాణంలో మామూలు తూటా ఒత్తిడి హద్దు 740 బార్. బ్యారెల్ బలం తేల్చడానికి వాడే ప్రూఫ్ తూటాది కూడా 930 బారే, అంటే పావు వంతు ఎక్కువ. బ్లాక్ పౌడర్ గిన్నెతో కొలిచిన పొగరాని మందు ఆ హద్దును కూడా దాటేయగలదు. మీ బ్యారెల్ ఏ ఒత్తిడి చూసిందో రెండు కంపెనీ తూటాలు చెప్పలేవు.

చట్టం వైపు నుంచి చూసినా అది మంచి పని కాదు. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5లో తయారీ, అమ్మకంతోపాటు మరమ్మతు, పరీక్ష, ప్రూఫ్ అనే మాటలు కూడా ఉన్నాయి. వీటికి విడిగా లైసెన్సు కావాలి. ఫారం 3 మీద మీకిచ్చిన లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి. సొంత తుపాకీని పేల్చి చూసుకోవడం ఆ సెక్షన్ చెప్పే ‘పరీక్ష’ కిందికి రాదని వాదించవచ్చు. ఆ వాదన బోనులో నిలబడి చేయాల్సిన అవసరం మీకెందుకు? పైగా చుట్టుపక్కల మనుషులుండి వారి ప్రాణానికి ముప్పు కలిగించేలా నిర్లక్ష్యంగా తుపాకీ వాడితే సెక్షన్ 25(9) కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125, ప్రాణం పోతే సెక్షన్ 106 కూడా వస్తాయి.

లేత్ ఆలోచన ఇంతకంటే ప్రమాదం. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడాన్ని ఆయుధాల చట్టం సెక్షన్ 6 నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ‘ఉబ్బిన ముక్క తీయించాను, అంతే’ అన్న జవాబు అక్కడ పనిచేయదు. ఉబ్బును లోపలి నుంచి సుత్తితో సరిచేసే మేస్త్రీలు కూడా ఉంటారు. లైసెన్సు లేనివాడి చేత చేయిస్తే అది సెక్షన్ 5 మరమ్మతే. పైగా ఒకసారి సాగిన లోహాన్ని వెనక్కి కొట్టినంత మాత్రాన పాత బలం రాదు.

మరి మీరు చేయగలిగిందేమిటి? చూడటం. శుభ్రం చేసేటప్పుడు విప్పినట్టు విప్పి చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ముందు రెండు చాంబర్లూ ఖాళీయేనని కంటితో, వేలితో నిర్ధారించుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ముందరి చెక్క తీసి బ్యారెళ్లను విడదీసి, వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి. లోపల పడే వెలుతురు వలయాలు వరుసగా, తేటగా కనబడాలి. ఎక్కడైనా నల్లటి ఉంగరం లాంటి నీడ ఉంటే అక్కడ ఉబ్బింది. బయట కూడా వేలు నెమ్మదిగా జరుపుతూ పోండి. మీకున్న పెద్ద వెసులుబాటు ఎడమ బ్యారెల్. ఆ తూటా దానిలో పేలలేదు కాబట్టి ప్రతి చోటా కుడిదాన్ని దానితో పోల్చండి.

ఉబ్బు ఎక్కడుందన్నది రేపు సాక్ష్యం కూడా అవుతుంది. చాంబర్ దగ్గరుంటే అతి ఒత్తిడి గుర్తు. బ్యారెల్ మధ్యలో సన్నని ఉంగరంలా ఉంటే ఎక్కువసార్లు లోపల ఏదో అడ్డుపడిందని అర్థం. మందు తక్కువైన తూటా వదిలిన వాడ్ (మందుకూ గుళ్లకూ మధ్య పెట్టే బిళ్ల) కావచ్చు, మట్టి కావచ్చు.

తర్వాత బ్యారెళ్ల జతను కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి చెక్కముక్కతో తట్టండి. గంటలా ఖంగుమనాలి. పగిలిన కుండలా మొద్దుగా పలికితే రెండు బ్యారెళ్లను కలిపే మధ్య పట్టీ టంకం వదిలి ఉండవచ్చు. ముందరి చెక్క లేకుండానే బిగించి, మూసి, పక్కలకు కదిపితే కటకటలాడకూడదు. బ్యారెల్ వెనక అంచుకూ, దాన్ని వెనక నుంచి మూసే లోహపు గోడకూ (బ్రీచ్ ముఖం) మధ్య వెలుతురు కనబడకూడదు. పైనున్న లివర్ ఇదివరకటికంటే ఎడమకు జరిగి ఆగుతుంటే బోల్టు పట్టు వదిలినట్టే. బట్ (భుజానికి ఆనించే చెక్క) మెడ దగ్గర, చెక్క లోహానికి ఆనే చోట చీలిక చూడండి. సేఫ్టీ పనిచేస్తోంది కదా అని ధీమా పడవద్దు. చాలా డబుల్ బ్యారెళ్లలో అది ట్రిగ్గర్లను మాత్రమే పట్టి ఉంచుతుంది. లోపల సుత్తులను ఆపి ఉంచే కొక్కేలు (సియర్లు) అదురుకు దెబ్బతింటే సేఫ్టీ వేసి ఉన్నా దానంతట అదే పేలవచ్చు.

పేలిన ఆ ఖాళీ తూటాను పారేయకండి. ప్రైమర్ (తూటా అడుగున మందుకు నిప్పంటించే బిళ్ల) చదునైందా, దాని లోహం ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి పాకిందా, ఇత్తడి అడుగు ఉబ్బిందా, ప్లాస్టిక్ నుంచి విడిపోయిందా అన్నవి నిపుణుడికి సగం కథ చెబుతాయి.

ఈ చూపులో అన్నీ బాగున్నా తుపాకీ సురక్షితమని తేలినట్టు కాదు. లోపముంటే బయటపడవచ్చు, అంతవరకే. చాంబర్, బోర్, గోడ మందం కొలవడం, ఫైరింగ్ పిన్‌లు తీసి చూడటం, చొచ్చుకుపోయే రంగు ద్రవంతోనో అయస్కాంత పొడితోనో పగుళ్లు వెతకడం మరమ్మతు లైసెన్సున్న గన్‌స్మిత్ పని. తుపాకీని ఖాళీగా, కవర్లో, అసలు లైసెన్సుతో తీసుకెళ్లండి. తుపాకీ నంబరు, తేదీ, అప్పటి స్థితి రాసిన రసీదు తీసుకోండి. తిరిగిచ్చేటప్పుడు కొలతలతో రాతపూర్వక నివేదిక అడగండి. ‘చూశాం, ఓకే’ అన్న మాట రేపు దేనికీ అక్కరకు రాదు. బ్యారెల్ మార్చాలంటే లైసెన్సింగ్ అధికారికి ముందే దరఖాస్తు పెట్టండి.

ఇక నిజం చెప్పడం గురించి. ఇక్కడ మెత్తగా చెప్పి లాభం లేదు. చేత్తో తూటా నింపడం ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు తయారీయే. ఆ పనికి విడిగా రాతపూర్వక అనుమతి లేకపోతే మీ బంధువు సెక్షన్ 5ను ఉల్లంఘించినట్టు. 2019 సవరణ అందులో ‘పొందడం, సంపాదించడం’ అనే మాటలను కూడా చేర్చింది. అందుకే తీసుకున్న మీరూ పూర్తిగా బయట లేరు. సెక్షన్ 25(1)(ఏ) శిక్ష కూడా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఖాళీ తూటా గొట్టం ఒక్కటే ఉంటే చిన్న విడిభాగాలకు వర్తించే సెక్షన్ 45(డి) మినహాయింపు అడగవచ్చు. మందు, ప్రైమర్లు, నింపే సామాను దాని పక్కనే ఉంటే ఆ మినహాయింపు నిలవదు.

కాబట్టి షాపుకు వెళ్లేముందు లాయరు దగ్గరికి వెళ్లండి. లాయరుకు చెప్పింది భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 132 రక్షణలో ఉంటుంది. షాపువాడికి చెప్పినదానికి ఆ రక్షణ లేదు. పైగా నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పాలని ఆయుధాల చట్టం సెక్షన్ 36 అంటోంది. మీ మీద మీరే సాక్ష్యం చెప్పక్కర్లేదన్న రాజ్యాంగ హక్కు, అధికరణ 20(3), మీకుంది. అయితే మౌనం వేరు, అబద్ధం వేరు. గన్‌స్మిత్‌కు ‘కుడి బ్యారెల్‌లో అతి ఒత్తిడితో తూటా పేలింది, ఖాళీ ఇరుక్కుంది’ అని చెప్పి తీరాలి. అది లేకుండా ఆయన సరైన చోట వెతకలేడు. కంపెనీ తూటా అని మాత్రం చెప్పకండి. ఆ అబద్ధంతో తయారీదారు మీద దావా వేస్తే ఆ ఖాళీ తూటాయే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. దుర్వినియోగమైన సరుకుకు అమ్మినవాడి మీద ఉత్పత్తి బాధ్యత దావా నడవదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 87 చెబుతోంది.

మిగిలిన తొమ్మిది తూటాలను పేల్చవద్దు, విప్పవద్దు, బావిలో వేయవద్దు. సాక్ష్యం మాయం చేయడం న్యాయ సంహిత సెక్షన్ 238 కింద మరో నేరం. వేరే పెట్టెలో తాళం వేసి ఉంచి, ఒకటి రెండు రోజుల్లోనే లాయరు ద్వారా అప్పగించండి. అవసరమనిపిస్తే ముందస్తు బెయిలుకు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 482 కింద అర్జీ సిద్ధం చేసుకున్నాకే అప్పగించమని లాయరు చెప్పవచ్చు. ఆ సలహా పాటించండి.

విసుగొచ్చి తుపాకీ అమ్మేద్దామనుకుంటే, కొనేవారి పేరు, చిరునామా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఈ తూటా సంగతి కూడా కొనేవారికి కాగితం మీద చెప్పాలి. తెలిసిన లోపాన్ని కప్పిపుచ్చి అమ్మితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 దాన్ని మోసమే అంటుంది.