డాక్టర్ సలహా: మూడున్నరేళ్లుగా లోపలే ఉండిపోయిన కిడ్నీ స్టెంట్... ఇప్పుడు తీయవచ్చా?

ప్రశ్న: మా వారి వయసు 44. మూడున్నరేళ్ల కిందట ఎడమ మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని లేజర్‌తో తీశారు. అప్పుడు లోపల డీజే స్టెంట్ అనే గొట్టం వేశారని ఈ మధ్య పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది. ఆపరేషన్ తర్వాత బాగానే ఉందని మళ్లీ చూపించుకోలేదు. కొన్ని నెలలుగా మూత్రంలో అప్పుడప్పుడూ రక్తం కనిపిస్తోంది. ఇన్‌ఫెక్షన్ మందులతో తగ్గి మళ్లీ వస్తోంది. ఎక్స్‌రే తీస్తే స్టెంట్ అలాగే ఉంది, చుట్టూ రాయి కట్టింది అన్నారు. ఒక డాక్టర్ ఐదు నిమిషాల పని అన్నారు. ఇంకొకరు రెండు మూడు ఆపరేషన్లు పట్టవచ్చు, ముందు కిడ్నీ ఎలా ఉందో చూడాలి అన్నారు. మా వారేమో నొప్పి లేదు, రెండో కిడ్నీ బాగానే ఉంది, ఇప్పుడు కెలుక్కోవడం ఎందుకు అంటున్నారు. మందులతో కరిగించే మార్గం ఏదైనా ఉందా? — ఒక పాఠకురాలు

జవాబు: రెండో డాక్టర్ చెప్పినట్లు చేయండమ్మా. మొదటి ఆయన మాట కూడా పూర్తిగా తప్పు కాదు. వేసి నెల దాటని స్టెంట్ అయితే మూత్రమార్గంలో మత్తు జెల్లీ వేసి, సన్నని కెమెరా గొట్టం పంపి, పటకారుతో కింది కొనను పట్టుకుని బయటికి తీసేస్తారు. చాలామందికి ఆ రోజే ఇంటికి వెళ్లిపోయే పని. కానీ మూడున్నరేళ్లు లోపల ఉండి, రాయి కట్టిన స్టెంట్‌ను అలా పట్టి లాగకూడదు. లాగితే స్టెంట్ తెగిపోవచ్చు. అంతకన్నా ఘోరం, దానితోపాటు మూత్రనాళమే చిరిగిపోవచ్చు, కిడ్నీ దగ్గర ఊడిపోవచ్చు. అది సరిచేయడం చాలా పెద్ద ఆపరేషన్.

అసలు ఈ డీజే స్టెంట్ ఎందుకు వేస్తారో చెబితే మిగతాది మీ వారికి తేలిగ్గా అర్థమవుతుంది. రాయి తీశాక మూత్రనాళం లోపలి పొర వాచిపోతుంది. ఆ వాపుతో దారి మూసుకుపోకుండా, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఒక మెత్తని ప్లాస్టిక్ గొట్టం ఉంచుతారు. మందం సుమారు 2 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లకు ఎక్కువగా 24, 26 సెంటీమీటర్ల పొడవువి వాడతారు. రెండు చివర్లూ మెలి తిరిగి ఉంటాయి. పై మెలిక కిడ్నీలో, కింది మెలిక మూత్రాశయంలో ఉండటం వల్ల గొట్టం అటూ ఇటూ జారదు. మునుపు వాడిన తిన్నని గొట్టాలు జారిపోయేవి. 1978లో ఈ రెండు మెలికల నమూనా వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. చిత్రమేమిటంటే, జారకుండా నిలబెట్టే ఆ మెలికే ఇప్పుడు మీ వారి విషయంలో చిక్కు తెచ్చింది. రాయి ఎక్కువగా కట్టేది ఆ రెండు మెలికల దగ్గరే.

వాపు తగ్గాక ఈ గొట్టంతో పని లేదు. మామూలు రాయి ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు వారాల్లో తీసేస్తారు. వేరే కారణాలతో ఎక్కువ కాలం ఉంచాల్సి వస్తే సాధారణంగా మూడు నెలలకోసారి మారుస్తారు. కొన్ని రకాలు ఇంకొంత కాలం ఉండగలవు గానీ, ఇలాంటి ప్లాస్టిక్ గొట్టాల్లో ఏళ్ల తరబడి ఉండేందుకు తయారైనది ఏదీ లేదు. గుండెకు వేసే స్టెంట్ జీవితాంతం ఉంటుంది కాబట్టి ఇదీ అంతేనని చాలామంది అనుకుంటారు. స్టెంట్ మరిచిపోవడానికి నేను తరచూ చూసే కారణం ఇదే.

మూత్రంలో ఎప్పుడూ కాల్షియం, ఆక్సలేట్, ఫాస్ఫేట్ వంటి లవణాలు కరిగి ఉంటాయి. ప్లాస్టిక్ లోపలికి వెళ్లిన కొద్ది గంటల్లోనే దాని మీద ప్రొటీన్ల పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొరను పట్టుకుని బ్యాక్టీరియా స్థిరపడుతుంది, లవణాలు అంటుకుంటాయి. గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టినట్లే ఇక్కడా కడుతుంది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా చేరితే పని ఇంకా వేగంగా సాగుతుంది. అది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమోనియా పుట్టిస్తుంది. దాంతో మూత్రం క్షారంగా మారి రాయి త్వరగా పెరుగుతుంది. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, రాళ్ల రోగులకు వేసిన స్టెంట్లను ఆరు వారాల లోపు తీసినప్పుడు 9.2 శాతం వాటి మీదే పెచ్చు కనిపించింది. 6 నుంచి 12 వారాల మధ్య తీసినవాటిలో అది 47.5 శాతం, ఆ తర్వాత తీసినవాటిలో 76.3 శాతం. మీ వారిది మూడున్నరేళ్లు. పైగా రాళ్లు తయారయ్యే శరీర తత్వం. ఎక్స్‌రేలో రాయి కనిపించకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

ఇక నొప్పి లేదనే మాటకు వద్దాం. స్టెంట్ వేసిన కొత్తలో చాలామందికి మాటిమాటికీ మూత్రం రావడం, పోసేటప్పుడు నడుం పక్కన పోటు, ఎర్రటి మూత్రం ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ కొందరికి అవి అలవాటైపోతాయి. నొప్పి లేనంత మాత్రాన కిడ్నీ సుఖంగా ఉందని కాదు. గొట్టం లోపల, చుట్టూ రాయి పెరిగి దారి నెమ్మదిగా మూసుకుపోతే పెద్ద నొప్పి లేకుండానే కిడ్నీ వాచి, పనితనం కోల్పోతుంది. మూత్రనాళంలో రాయి ఒక్కసారిగా అడ్డం పడితే మనిషి విలవిల్లాడిపోతాడు. నెలల తరబడి కొద్దికొద్దిగా మూసుకుంటే శరీరం కేకే పెట్టదు. మీరు రాసిన రక్తం, తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్, ఈ రెండూ హెచ్చరికలే. లోపల ప్లాస్టిక్, దాని మీద రాయి ఉన్నంతకాలం యాంటీబయోటిక్ పైపైన మాత్రమే పనిచేస్తుంది. బ్యాక్టీరియా రాయి పొరల్లో దాక్కుని, మందు ఆపగానే మళ్లీ బయటికి వస్తుంది.

చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా, మనిషి మగతగా ఉన్నా, అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకండి. అప్పటికప్పుడు అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మూసుకుపోయిన కిడ్నీలో చీము పడితే అది గంటల్లో రక్తంలోకి పాకగలదు. అలాంటప్పుడు స్టెంట్ తీసే ప్రయత్నం చేయరు. వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం వేసి ముందు ఆ చెడు మూత్రాన్ని బయటికి పంపుతారు. తీయడం సంగతి తర్వాత.

అలాంటి అత్యవసరం లేకపోతే పరీక్షలతో మొదలుపెట్టండి. ఎక్స్‌రే ఇప్పటికే తీశారు కాబట్టి ఇక సీటీ స్కాన్ కావాలి. స్టెంట్ తెగిందా, రాయి ఎక్కడెక్కడ ఎంత కట్టింది అనేది దానిలోనే సరిగ్గా తెలుస్తుంది. పెచ్చు కట్టని స్టెంట్ ఎక్స్‌రే ఫిల్మ్ మీద సన్నని తెల్ల గీతలా ఉంటుంది. రాయి కట్టినచోట ఆ గీత లావెక్కుతుంది. మెలిక ఉండాల్సిన చోట గుండ్రని తెల్లముద్ద కనిపిస్తుంది. కిడ్నీలోని పై మెలిక చుట్టూ కట్టిన ముద్ద, అంటే పైముద్ద ఎంత ఉందనేదే ఆపరేషన్ ఎంత పెద్దదో నిర్ణయిస్తుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం), యూరిన్ కల్చర్ తప్పనిసరి. వీటన్నిటితోపాటు రీనోగ్రామ్ అనే పరీక్ష అడగండి. రెండు కిడ్నీల్లో ఏది ఎంత వంతు పని చేస్తోందో అది చెబుతుంది. క్రియాటినిన్ మామూలుగా ఉంటే రెండు కిడ్నీలూ బాగున్నట్లే అనుకోవద్దు. ఒకటి పూర్తిగా చెడినా రెండోది బాగుంటే ఆ అంకె మామూలుగానే ఉండవచ్చు.

కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపిస్తే దానికి సరిపడే యాంటీబయోటిక్ ముందుగా ఇచ్చి, ఆ తర్వాతే రాయి పగలగొడతారు. ఈ ఒక్క జాగ్రత్త వదిలేస్తే ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా ఆ రాత్రికి జ్వరం అందుకోవచ్చు.

తీసే పద్ధతి సాధారణంగా కింది నుంచి పైకి సాగుతుంది. మూత్రాశయంలోని మెలిక చుట్టూ ఉన్న రాయిని ముందు లేజర్‌తో పొడి చేస్తారు. అప్పుడు ఎక్స్‌రే తెర మీద చూస్తూ గొట్టాన్ని చాలా మెల్లగా లాగి చూస్తారు. పై మెలిక విచ్చుకుంటే అదృష్టం, అక్కడితో బయటికి వచ్చేస్తుంది. విచ్చుకోకపోతే సర్జన్ అక్కడే ఆగిపోవాలి. స్టెంట్ పక్కనుంచి సన్నని దూర్బిణి పంపి, మూత్రనాళంలో గొట్టానికి అంటుకున్న పెచ్చును లేజర్‌తో కొంచెం కొంచెంగా విడదీస్తారు. ఓపికతో చేయాల్సిన పని ఇది. కిడ్నీలో పైముద్ద పెద్దదైతే వీపు వైపు చిన్న రంధ్రం చేసి రాయిని పగలగొట్టి తీస్తారు. దీన్నే పీసీఎన్ఎల్ అంటారు. పై మెలిక మీద పలుచని పెచ్చు మాత్రమే ఉండి, కిడ్నీ బాగా పనిచేస్తుంటే బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతి కూడా పనికొస్తుంది. అయితే ముక్కలు మూత్రంతో పోవాలి కాబట్టి అందరికీ కుదరదు. పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఈ రోజుల్లో అరుదు.

ఇవన్నీ ఒకే మత్తులో పూర్తి కావచ్చు, రెండు మూడు విడతలూ పట్టవచ్చు. ఎక్కువ విడతలు పట్టడం డాక్టర్ చేతగానితనం కాదు. మత్తు చాలా సేపు కొనసాగినా, రక్తం కారి తెరమీద ఏమీ కనిపించకపోయినా, అక్కడికి ఆపి మరో రోజు చేయడమే మంచి సర్జన్ లక్షణం. పాత ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. ముఖ్యంగా పక్క రంధ్రాల దగ్గర పుటుక్కున తెగిపోతుంది. అందుకే మొత్తం ముక్కలు బయటికి వచ్చాయో లేదో చివర్లో ఎక్స్‌రేతో నిర్ధారించుకోవాలి. ఇంకో సంగతి ముందే చెబుతున్నాను, మీ వారు విని బెదరవద్దు: ఇంత పని చేశాక మూత్రనాళం వాస్తుంది కాబట్టి తరచూ మళ్లీ ఒక కొత్త స్టెంట్ వేస్తారు. దాన్ని ఏ తేదీన తీస్తారో ఆస్పత్రి నుంచి బయలుదేరే ముందే కాగితం మీద రాయించుకోండి.

రెండో కిడ్నీ ఉంది కదా అనే వాదన నాకు ఎప్పుడూ అర్థం కాదు. చెడిన కిడ్నీలో స్టెంట్ ఉండిపోయినా ఇన్‌ఫెక్షన్ ఆగదు. ఆ చీము మనిషినే ప్రమాదంలోకి నెడుతుంది. కాబట్టి వదిలేయడం ఏ రకంగానూ మంచిది కాదు. రీనోగ్రామ్‌లో ఎడమ కిడ్నీ వంతు బాగా తక్కువ, అంటే పది శాతం అటూ ఇటూ వచ్చినా వెంటనే కిడ్నీ తీసేయడానికి ఒప్పుకోకండి. వీపు వైపు నుంచి వేసే గొట్టం ద్వారా కొన్ని వారాలు మూత్రం బయటికి పంపి, మళ్లీ పరీక్ష చేస్తే కొంత కోలుకున్న కిడ్నీలూ ఉంటాయి. అప్పటికీ లేవకపోతే, స్టెంట్‌తో సహా కిడ్నీ తీసేయడమే సరైన దారి కావచ్చు. మీ వారి విషయంలో అంతదూరం పోతుందో లేదో పరీక్ష చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మందులతో కరగదా అని అడిగారు. కరగదు. పొటాషియం సిట్రేట్ వంటివి యూరిక్ ఆమ్లపు రాళ్ల మీద పనిచేస్తాయి. స్టెంట్ మీద ఎక్కువగా కట్టేవి కాల్షియం రాళ్లు, ఇన్‌ఫెక్షన్ రాళ్లు. వీటిని తాగే మందు కరిగించలేదు. ప్లాస్టిక్ అసలే కరగదు. కరిగించే మందు ఉందని ఎవరైనా అమ్మజూపితే నెలలు వృథా అవుతాయి, ఆ నెలలు రాయికి కలిసొస్తాయి.

తప్పు ఎవరిదని మీరు అడగలేదు గానీ, ఇంట్లో ఆ వాదన జరుగుతూనే ఉండి ఉంటుంది. చెప్పాం కదా అని ఆస్పత్రి అంటుంది, ఎవరూ చెప్పలేదని రోగి అంటాడు. ఆపరేషన్ మత్తు దిగని మనిషికి డిశ్చార్జ్ రోజున గబగబా చెప్పిన మాట చెప్పినట్లు లెక్క కాదని నా అభిప్రాయం. స్టెంట్ వేసినవారి పేర్లు ఒక రిజిస్టర్‌లోనో కంప్యూటర్‌లోనో రాసుకుని, గడువు దాటగానే ఫోను చేసే ఏర్పాటు ప్రతి యూరాలజీ విభాగంలోనూ ఉండాలి. మీ వారిని నిందించకండి. ఆయన ఆస్పత్రికి వెళ్లడానికి సంకోచిస్తుంటే, నింద పడుతుందనే భయమే కారణం కావచ్చు.

మీలాంటి ఉత్తరాలు చదివే ఇతరులకూ ఒక మాట. లోపల ఉండిపోయేది స్టెంట్ ఒక్కటే కాదు. మూత్రం పోవడానికి వేసిన క్యాథెటర్ బెలూన్ పగిలితే రబ్బరు ముక్క మూత్రాశయంలో ఉండిపోయి, దాని చుట్టూ రాయి కడుతుంది. అందుకే తీసిన క్యాథెటర్ కొన పూర్తిగా ఉందో లేదో చూడాలి. గర్భాశయం ఆపరేషన్‌లో వాడిన కరగని దారం, మూత్రం ఆపుకోలేనివారికి వేసిన మెష్ పట్టీ ఏళ్ల తర్వాత మూత్రాశయంలోకి తొలుచుకురావచ్చు. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో వేసిన క్లిప్పులూ అంతే. పాత రోజుల్లో కోసి చేసిన కిడ్నీ ఆపరేషన్ తర్వాత గాజుగుడ్డ ముక్క లోపల మిగిలి, చుట్టూ గడ్డ కట్టి, స్కాన్‌లో కణితి అనిపించిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

వీటిలో మహిళలు గుర్తుంచుకోవాల్సింది కాపర్ టీ. అరుదుగానైనా అది గర్భాశయం గోడను చీల్చుకుని మూత్రాశయంలో చేరుతుంది. దారం కనిపించకపోతే పడిపోయిందిలే అనుకుని కొందరు మరొకటి వేయించుకుంటారు. కొన్నేళ్ల తర్వాత మూత్రాశయంలో రాయి అని వచ్చి చూస్తే, రాయి నడుమ టీ ఆకారం బయటపడుతుంది. మహిళల్లో మూత్రాశయపు రాళ్లు తక్కువ. అందుకే రాయి కనిపించినప్పుడు లోపల ఏదో వస్తువు ఉందేమోనని వెతకాలి. కాపర్ టీ దారం చేతికి తగలకపోతే ముందు అల్ట్రాసౌండ్, అందులో కనిపించకపోతే పొట్ట మొత్తం వచ్చేలా ఎక్స్‌రే తీయించుకోండి. ఆ తర్వాతే కొత్తది వేయించుకోవాలో లేదో నిర్ణయించండి.