అయోడిన్ నంబర్ 900 దాటినా కాలమ్‌లో మిథిలీన్ బ్లూ రంగు ఎందుకు ఆగడం లేదు?

నీళ్లలోని రంగును పట్టే యాక్టివేటెడ్ కార్బన్ కోసం కొబ్బరి చిప్పలను ఫాస్ఫారిక్ యాసిడ్‌లో నానబెట్టి 500 డిగ్రీల దగ్గర కాల్చారు, అయోడిన్ నంబర్ (గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) బాగుంది, కానీ దాన్ని నింపిన గొట్టంలో, అంటే కాలమ్‌లో రంగు ఆగట్లేదు అంటున్నారు. టెన్షన్ పడి మళ్లీ కాల్చకండి. ల్యాబ్‌లో చిప్పల బొగ్గుతోనే చాలాకాలం పనిచేశాను, ఇలా అవడం చాలాసార్లు చూశాను.

అయోడిన్ టెస్టుకి కార్బన్‌ను మెత్తగా నూరతాం. పైగా అయోడిన్ చిన్న అణువు, చాలా సన్నటి రంధ్రాల్లోకి కూడా దూరిపోతుంది. మిథిలీన్ బ్లూ దానికన్నా చాలా పెద్దది. చిప్ప కార్బన్‌లో 2 నానోమీటర్ల లోపు రంధ్రాలే ఎక్కువ కాబట్టి, కొన్నిట్లోకి ఆ రంగు అసలు పోలేదు. పోగలిగిన చోటికి కూడా గింజ లోపలిదాకా చేరడానికి టైమ్ పడుతుంది.

అసలు కారణం ఏదో తేల్చుకోవడం కష్టం కాదు. అవే గ్రాన్యూల్స్ (కార్బన్ గింజలు) కొన్ని నూరి, కొన్ని అలాగే ఉంచి, సమాన బరువు తీసుకుని ఒకే గాఢత ఉన్న మిథిలీన్ బ్లూ ద్రావణంలో వేరువేరుగా షేకర్ మీద పెట్టండి. అరగంటకోసారి, మర్నాడు ఓసారి చూడండి. గింజలు ఆలస్యంగానైనా పొడిని అందుకుంటే కార్బన్ మంచిదే, కాలమ్‌లో నీళ్లే తొందరగా పోతున్నాయి. పొడి కూడా సరిగా పట్టకపోతే రంధ్రాలు సరిపోలేదన్నమాట. అప్పుడు యాసిడ్ పాళ్లు పెంచి చూడాలి. రీడింగ్ తీసేముందు మామూలు ఫిల్టర్ పేపర్‌లో వడకట్టకండి, ఆ కాగితమే రంగును పీల్చేస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 664 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూడండి.

కాల్చిన కార్బన్‌ను కడగడం దగ్గర మాత్రం అస్సలు బద్ధకించొద్దు. యాసిడ్ మిగిలితే పీహెచ్ పడిపోతుంది, మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు కాబట్టి హైడ్రోజన్ అయాన్లు దాని చోటు ఆక్రమిస్తాయి. వేడినీళ్లతో, కడిగిన నీళ్ల పీహెచ్ 6 దాటేదాకా కడగాలి. నుసి అంతా వార్చేయాలి.

కాలమ్‌లో పోసేముందు గ్రాన్యూల్స్‌ను నీళ్లలో కాసేపు మరిగించండి. సన్నటి బుడగలు వరసగా పైకి వస్తుంటాయి, అది రంధ్రాల్లోని గాలి. అది పోకుండా నింపితే నీళ్లు ఒకే దారి చూసుకుని జారిపోతాయి. 100 మిల్లీలీటర్ల బెడ్ (గొట్టంలో నింపిన కార్బన్) అయితే నిమిషానికి 10 మిల్లీలీటర్లు మించకుండా వదలండి, అంటే దాదాపు 10 నిమిషాల కాంటాక్ట్ టైమ్. గొట్టం వ్యాసం గింజకు కనీసం 10 రెట్లు ఉండాలి.