మోటారు చుట్టే చేతికి విమానం కరెంటు పని

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "నాది బోరు మోటార్ల రివైండింగ్ షాపు. మావాడు ఈ ఏడే పది పాసయ్యాడు, సెలవుల్లో సబ్‌మెర్సిబుల్ మోటారు ఒక్కడే చుట్టేస్తున్నాడు. చదువు అంతంతమాత్రం, ఇంగ్లీషు మరీ వీకు. ఎయిర్‌ఫోర్సులో విమానాల ఎలక్ట్రికల్ పని చేయాలని పట్టుబట్టాడు. పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ, అదే ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరిస్తే నేరుగా ఆ పనికే తీసుకుంటారని మా బావమరిది, ఎంపీసీలో వేద్దామని వాళ్లమ్మ. ఏం చేయమంటారు?"

అన్నా, ముందు మీ బావమరిది మాట తేల్చేద్దాం. ట్రిపుల్ ఈ చదివితే విమానం కరెంటు పనే ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఇప్పుడు ఆ స్థాయిలో చేరే దారి అగ్నివీర్ వాయు, అంటే ఎయిర్‌ఫోర్సులో నాలుగేళ్ల ఉద్యోగం. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల లోపు, పెళ్లి కాకుండా ఉండాలి. ఇంటర్ ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు, ఎలక్ట్రికల్ డిప్లొమా వాళ్లూ రాయొచ్చు, మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషులో విడిగా 50 శాతం ఉంటే చాలు. కానీ చేరాక ఏ పనిలో పెట్టాలన్నది వాళ్ల అవసరాన్ని బట్టి వాళ్లే నిర్ణయిస్తారు, మనవాడు "నాకు ఎలక్ట్రికలే కావాలి" అంటే కుదరదు. ఈ ముక్క ముందే చెప్పి ఒప్పించండి, అక్కడికి వెళ్లాక ఏడవడం కన్నా నయం.

దొరికితే మాత్రం మీ వాడికి నచ్చే పనే. మన ఊళ్లో కరెంటు 50 హెర్ట్జ్ కదా, చాలా విమానాల్లో 115 వోల్టుల ఏసీ 400 హెర్ట్జ్‌లో నడుస్తుంది. ఎందుకో మీకు తొందరగా అర్థమవుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగితే అదే పవరుకు కోరు చిన్నది సరిపోతుంది, రాగీ ఇనుమూ తగ్గుతాయి, విమానంలో ప్రతి కిలోకీ లెక్కే. దాంతోపాటు 28 వోల్టుల డీసీ కూడా ఉంటుంది. జనరేటర్లు, బ్యాటరీలు, సర్క్యూట్ బ్రేకర్లు చూడటం, వైరు ఎక్కడ ఒరుసుకుని తొడుగు పోయిందో వెతకడం, మెగ్గరు మీటరుతో ఇన్సులేషన్ చూడటం, ఇలాంటివే పని. తేడా ఏమిటంటే మీ షాపులో స్పానరు కనపడకపోతే రేపు వెతుక్కుంటారు, అక్కడ ఒక్క పనిముట్టు లెక్క తగ్గినా అది దొరికేదాకా విమానం ఎగరదు, చేసిన ప్రతి పనికీ సంతకం పెట్టాలి. చేతిలో పని ఎంత ఉన్నా రాతలో బద్ధకం ఉన్నవాడు అక్కడ నిలవలేడు. మీ వాడు ఏ మోటారుకు ఎన్ని చుట్లు వేశాడో పుస్తకంలో రాస్తున్నాడా? ఇవాళ్టి నుంచి రాయమనండి.

ఇక డబ్బు. మొదటి ఏడు నెలకు 30,000, అందులో 9,000 సేవానిధికి పోతుంది (ప్రభుత్వమూ అంతే కలిపి చివర్లో ఒకేసారి ఇచ్చే నిధి), చేతికి 21,000. నాలుగో ఏడుకు జీతం 40,000 అవుతుంది. చివర్లో సేవానిధి కింద 10.04 లక్షలు, పైన వడ్డీ, పెన్షన్ ఉండదు. నాలుగేళ్ల తర్వాత పర్మినెంటుగా ఉంచుకునేది 25 శాతం దాకానే. అంటే నలుగురిలో ముగ్గురు ఇంటికి వస్తారు. మీవాడు ఆ ముగ్గురిలో ఉంటాడనుకునే ప్లాన్ వేయండి.

అందుకే నేను వాళ్లమ్మ మాటకు అడ్డం వస్తున్నా, ఏమీ అనుకోవద్దు. ఒక్క ఇంటర్ సర్టిఫికెట్‌తో ఇరవై రెండేళ్లకు తిరిగొచ్చినవాడి కంటే చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా ఉన్నవాడు బాగా నిలబడతాడు. పైగా కూర్చుని చదవలేని పిల్లవాణ్ని రెండేళ్లు హాస్టల్లో పెట్టి పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా రుద్దితే వాడికి ఆ మోటారు మీద ఉన్న ఇష్టం కూడా పోతుంది. పాలిటెక్నిక్ ఎంట్రన్సు పాలిసెట్ రాయించి తిరుపతి ఎస్వీ గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో సీటుకు చూడండి.

దీనికీ ఒక నష్టం ఉంది, దాచను. రేపు డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్‌తో బీటెక్‌కు వెళ్లి ఆఫీసర్ కావాలనుకుంటే, ఎయిర్‌ఫోర్సు ఆఫీసర్ల పరీక్ష ఏఎఫ్‌క్యాట్‌లో టెక్నికల్ బ్రాంచికి ప్లస్ టూ స్థాయిలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఒక్కోదాంట్లో 50 శాతం అడుగుతారు, డిప్లొమా దారిలో వచ్చినవాళ్లకు అది చిక్కు. ఆఫీసరే లక్ష్యమైతే ఎంపీసీయే సరైన దారి. కానీ ఆఫీసరు ఎక్కువగా పని చేయించేవాడు, స్పానరు పట్టేవాడు కాదు. మీ వాడికి ఏది కావాలో వాడినే అడగండి, మీరూ బావమరిదీ కాదు.

డిప్లొమా వాళ్లకు ఇంకో చిక్కు, అగ్నివీర్ వాయు సైన్స్ పరీక్షలో మ్యాథ్స్, ఫిజిక్స్ సీబీఎస్ఈ ప్లస్ టూ సిలబస్‌లోంచి వస్తాయి, తప్పుకు పావు మార్కు పోతుంది. కాబట్టి రెండో ఏడు నుంచే ఇంటర్ పుస్తకాలు పక్కన పెట్టుకోవాలి. ఇంగ్లీషుకు అంతదాకా ఆగొద్దు, ఈ వారమే మొదలుపెట్టండి. పరుగు సంగతికి భయం లేదు, 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల్లో, ఊరి కుర్రాడికి నెల ప్రాక్టీసు.

బయటికొచ్చాక సివిల్ విమానాల మీద పనిచేయాలంటే పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కావాలి, ఎలక్ట్రికల్, ఏవియానిక్స్ వైపుకు బీ2. సర్వీసు అనుభవం ఉందని ఊరికే ఇవ్వరు, మాడ్యూళ్లు, అంటే ఒక్కో విషయానికి పెట్టే పరీక్షలు, 75 శాతంతో పాస్ కావాలి.

ఎవరైనా "రెండు లక్షలివ్వు, పోస్టు నాది" అంటే దండం పెట్టి పంపేయండి. పాలిటెక్నిక్ ఫీజు కట్టే ముందు కంటి డాక్టరు దగ్గర వాడికి రంగుల పరీక్ష ఒకటి చేయించండి, చుక్కల్లో అంకెలు చదవమనే పరీక్ష. ఎరుపు, పచ్చ కలిసిపోయి కనిపిస్తే మెడికల్లో అక్కడే ఆగిపోతాడు, అది మూడేళ్ల తర్వాత కాదు, ఇప్పుడే తెలియాలి.