చార్మినార్, గోల్కొండ చూసేశాక ఇంకేముంది? – సమాధానం

హైదరాబాద్ వచ్చి ఏడాదైనా చార్మినార్, గోల్కొండల్లో ఫొటోలు దిగడమే తప్ప చరిత్ర ఒంటబట్టలేదని రాశారు కదండీ. నా సలహా: కట్టడాన్ని మామూలు రోజున కాక, అక్కడ పండగో ఊరేగింపో ఉన్న రోజున చూడండి.

ఆషాఢ బోనాలు మొదలయ్యేది గోల్కొండ కోటలోని జగదాంబ గుడి దగ్గరే. ఆది, గురువారాల్లో వెళ్తే బోనమెత్తిన ఆడవాళ్లతో పాటే మీరూ మెట్లెక్కుతారు. కుతుబ్‌షాహీల కోటలో అమ్మవారి జాతర! ఈ ఊరి స్వభావం నాకు అక్కడ కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించలేదు. కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు కొండ పైనున్న బాలా హిసార్ మంటపంలో వినాలంటే మాత్రం సందడి లేని మరో ఉదయం వెళ్లాలి.

మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏనుగు మీద బీబీ కా అలం (బీబీ ఫాతిమా పేరిట ఉన్న పవిత్ర ధ్వజం) ఊరేగింపు సాగుతుంది. అది సంతాప దినం, ఫోన్ జేబులోనే ఉంచండి. దానికి ముందే ఓసారి పత్తర్‌గట్టి వైపున్న బాద్‌షాహీ అషూర్‌ఖానా (మొహర్రం సంతాప సభలు జరిగే మందిరం) చూసి రండి. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాదే అదీ. గోడల మీది రంగు పెంకుల పని తీరిగ్గా చూడాలి. 1908 మూసీ వరద దాన్నీ దెబ్బతీసింది.

తోడు కావాలంటే ఏటా నవంబరు 19–25 ప్రపంచ వారసత్వ వారోత్సవాల్లో జరిగే హెరిటేజ్ వాక్‌లలో చేరండి. పాతబస్తీకైతే దుకాణాలు తెరవకముందే, పొద్దున్నే వెళ్లండి. అప్పుడే పై అంతస్తుల కమానులు స్పష్టంగా కనిపిస్తాయి.